కార్జపు జలగల మందు ఆక్సిక్లోజనైడ్: గుణాలు, ఉపయోగాలు, పాలలో శేషం

(సభ్య సంఘాల కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు పాఠం)

చెరువుల కింద, కాలువల కింద పశువులను మేపుకొనే గ్రామాల పాల సంఘాలకు ఆక్సిక్లోజనైడ్ కొత్త మందు కాదు. తెల్లని గంజివంటి ద్రవంగా సీసాలలోను, మాత్రల రూపంలోను దొరుకుతుంది. రైతులు దీనిని పేరుతో అడగరు, 'జలగల మందు' అని అడుగుతారు. అయితే ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, ఇచ్చిన తరువాత ఆ పశువు పాలు ఎన్నాళ్లు కేంద్రానికి తేకూడదు అనే మూడు ప్రశ్నలకు చాలా సంఘాలలో సరైన జవాబు దొరకదు. ఈ మూడింటికీ జవాబు ఆ పదార్థపు స్వభావంలోనే ఉన్నది. అది తెలిస్తే నియమాలు బట్టీ పట్టనవసరం లేదు. అందుచేత ముందు పదార్థాన్ని గూర్చి, తరువాత వాడకాన్ని గూర్చి తెలుసుకుందాం.

ఇది ఏ కుటుంబానికి చెందినది?

రసాయన శాస్త్రంలో ఇది 'ఏరోమాటిక్ అమైడ్' అనే కుటుంబానికి చెందుతుంది. ఏరోమాటిక్ అంటే ఇక్కడ సువాసన అని అర్థం కాదు. ఆరు కార్బన్ పరమాణువులు ఉంగరం లాగా కూడిన బెంజీన్ వలయం కలిగినది అని అర్థం. అమైడ్ అంటే ఒక ఆమ్లమూ, అమ్మోనియా వంటి నైట్రోజన్ పదార్థమూ కలిసి, మధ్య నుంచి నీరు తొలగిపోగా ఏర్పడిన బంధం. ఈ కుటుంబంలో అతి సరళమైనది బెంజమైడ్. దీనిని 1832లో జర్మనీ శాస్త్రజ్ఞులు వోలర్, లీబిగ్ బెంజోయిక్ ఆమ్లపు పదార్థాలను పరిశీలిస్తూ తయారుచేశారు.

ఈ కుటుంబం వారు మన ఇంట్లోనూ ఉన్నారు. జ్వరానికి వేసుకొనే పారాసెటమాల్ లోనూ బెంజీన్ వలయం, అమైడ్ బంధం ఉన్నాయి. దూడ కొమ్ము మొదలు కాల్చేముందు పశువైద్యుడు తిమ్మిరెక్కడానికి ఇచ్చే లిగ్నోకేయిన్ సూదిమందులోనూ అవే రెండూ ఉన్నాయి. కుటుంబం ఒకటే అయినా పని వేరు. వలయానికి ఏ పరమాణువులు తగిలించారన్న దానిని బట్టి పని మారుతుంది.

సాలిసిలిక్ ఆమ్లాన్ని, అనిలిన్‌ను కలిపితే సాలిసిలానిలైడ్ వస్తుంది. 1930ల నాటికి బ్రిటన్‌లో దీనిని నూలు బట్టకు బూజు పట్టకుండా వాడేవారు. దీనికి క్లోరిన్ వంటి పరమాణువులను తగిలించగా నట్టలను, జలగలను చంపే మందులు వచ్చాయి. నిక్లోసమైడ్, రాఫోక్సనైడ్, క్లోసాంటెల్, మన ఆక్సిక్లోజనైడ్ అన్నీ ఆ సంతతే. ఆక్సిక్లోజనైడ్‌ను గొర్రెల, ఆవుల జలగ వ్యాధిలో వాడిన ఫలితాలు 1966లో బ్రిటన్‌లో వెలువడ్డాయి.

ముఖ్య గుణాలు

ఒక్కొక్క అణువులో 13 కార్బన్, 6 హైడ్రోజన్, 5 క్లోరిన్, 1 నైట్రోజన్, 3 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. చూడటానికి మీగడ రంగు పొడి. వాడకానికి పనికివచ్చే గుణాలు నాలుగు.

1. నీటిలో కరగదు. సీసాలో ఉన్నది ద్రావణం కాదు, నీటిలో తేలియాడే సన్నని పొడి. నిలవ ఉంచితే పొడి అడుగుకు దిగుతుంది. బాగా కుదపకుండా పోస్తే మొదటి పశువుకు నీళ్లు, చివరి పశువుకు చిక్కని మందు పడతాయి.

2. వేడికి తేలికగా చెడదు. 200 డిగ్రీల సెంటీగ్రేడు దాటితేగాని కరగదు. అమైడ్ బంధం గట్టిది. దానిని విడగొట్టాలంటే గాఢమైన ఆమ్లంలోనో, క్షారంలోనో చాలాసేపు మరిగించాలి. పాలు కాచినా, పాశ్చరైజేషన్ చేసినా ఈ మందు పోతుందని భావించరాదు.

3. రక్తంలోని మాంసకృత్తులను గట్టిగా అంటిపెట్టుకొంటుంది. పశువు రక్తంలో చేరిన మందులో నూటికి 99 పాళ్లకు పైగా ఇలా అతుక్కొనే ఉంటుంది. కనుకనే త్వరగా బయటికి పోదు.

4. కార్జం ద్వారా పైత్యరసంలోకి, అక్కడినుంచి పేడలోకి విసర్జింపబడుతుంది.

మూడవ, నాలుగవ గుణాలను గుర్తు పెట్టుకోండి. జలగను చంపేవీ అవే, పాలకు చిక్కు తెచ్చేవీ అవే.

జలగ జీవితం

మన మైదాన ప్రాంతపు పశువులలో ప్రధానంగా కనిపించే కార్జపు జలగ ఫాసియోలా జైగాంటికా. ఆకు ఆకారంలో ఉంటుంది. పశువు పైత్యనాళాలలో కాపురముండి గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పేడతో చెరువు అంచుకు, కాలువకు చేరి పగులుతాయి. బయటపడ్డ పిల్ల నీటి నత్తలో దూరి, అక్కడ కొన్ని వారాలు పెరిగి, ఒకటి అనేకమై బయటికి వచ్చి, గడ్డిపోచలకు, వరి మొదళ్లకు అంటుకొని గట్టి పొర కప్పుకొంటుంది. పశువు ఆ గడ్డి మేసినప్పుడు లోపలికి పోతుంది. పేగు గోడ తొలుచుకొని కార్జంలోకి చేరి, దానిని తవ్వుకుంటూ చివరికి పైత్యనాళాలకు వస్తుంది. మేసిన నాటినుంచి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది.

పశువు చిక్కిపోతుంది. వెంట్రుకలు బిరుసెక్కుతాయి. పాలు తగ్గుతాయి. పారుడు పట్టుకొంటుంది. రక్తంలో మాంసకృత్తులు తగ్గి దవడ కింద నీరు దిగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. దవడ కింద వాపు కనబడగానే జలగల మందు పోయరాదు. గొంతువాపు వ్యాధిలోనూ అక్కడే వాపు వస్తుంది. జలగ వ్యాధి వాపు చల్లగా, మెత్తగా ఉండి, వేలితో నొక్కితే గుంట పడుతుంది, జ్వరం ఉండదు. గొంతువాపు వ్యాధిలో వాపు వేడిగా, నొప్పిగా ఉండి, తీవ్రమైన జ్వరం, గురక ఉంటాయి. అది గంటల లెక్కలో ప్రాణం తీసే జబ్బు. వెంటనే డాక్టరుగారిని పిలవాలి.

మందు ఎలా చంపుతుంది?

ప్రతి ప్రాణి కణంలోనూ ఆహారం నుంచి శక్తి తీసే చిన్న గదులు ఉంటాయి. వాటి పనిని చెరువుతో పోల్చవచ్చును. చెరువులో నీరు కట్ట వెనుక నిలిచి, తూము ద్వారా మాత్రమే వెళితే కింద పొలం పండుతుంది. కట్టకు గండి పడితే చెరువు ఖాళీ అవుతుందిగాని పొలానికి నీరందదు. ఆ గదుల పొరకు ఒకవైపు హైడ్రోజన్ కణికలు ఇలాగే నిలవ చేయబడి, ఒక దారిలో మాత్రమే వెళుతూ శక్తిని తయారుచేస్తాయి. ఆక్సిక్లోజనైడ్ ఆ కణికలను మోసుకొని పొరకు అడ్డంగా దాటించివేస్తుంది. అంటే కట్టకు గండి కొడుతుంది. జలగ నిలవ ఆహారమంతా కాలిపోతుంది, శక్తి మాత్రం రాదు. చివరికి పట్టు వదలి చస్తుంది.

మరి పశువుకు హాని కలుగదా? సరైన మోతాదులో మందు దాదాపు అంతా రక్తంలోని మాంసకృత్తులకు కట్టుబడి ఉంటుంది గనుక పశువు కణాలలోకి స్వేచ్ఛగా పోలేదు. పైత్యనాళాలలో కాపురముండి రక్తం తాగే పెద్ద జలగకు మాత్రం మందు తగినంత అందుతుంది. కార్జంలో తవ్వుకుంటూ తిరిగే పిల్ల జలగలకు చాలినంత అందదు. కనుక ఆక్సిక్లోజనైడ్ పెద్ద జలగల మందు, పిల్ల జలగల మందు కాదు. పొట్టజలగలకు కూడా దీనిని డాక్టర్లు వాడుతారు. గుండ్రటి నట్టల మీద పనిచేయదు. అందుకే కొన్ని సీసాలలో లెవామిసోల్ అనే మరొక మందును కలిపి అమ్ముతారు.

మోతాదు: సీసా లెక్క కాదు, బరువు లెక్క

ఆవులకు, గేదెలకు సాధారణ మోతాదు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు. జలగ రకాన్ని, తీవ్రతను బట్టి డాక్టరుగారు దీనిని పెంచవచ్చును. గొర్రెలకు 15 మిల్లీగ్రాములు.

కాటా లేని ఊళ్లో బరువు తెలుసుకోవడానికి టేపు చాలు. ముందు కాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక వరకు పొడవును అంగుళాలలో తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, దానిని పొడవుతో హెచ్చించి, 300తో భాగిస్తే బరువు పౌన్లలో వస్తుంది. దానిని 2.2తో భాగిస్తే కిలోలు.

ఉదాహరణ: చుట్టుకొలత 74, పొడవు 56 అంగుళాలు ఉన్న గేదె.
74 × 74 × 56 = 3,06,656. 300తో భాగిస్తే 1,022 పౌన్లు. అంటే సుమారు 465 కిలోలు.
కావలసిన మందు 4,650 మిల్లీగ్రాములు.
నూటికి 3.4 పాళ్ల సీసా అయితే ఒక మిల్లీలీటరులో 34 మిల్లీగ్రాములుంటుంది. కనుక కావలసినది సుమారు 137 మిల్లీలీటర్లు.

ఇదే గేదెకు 'పశువుకో సీసా' పద్ధతిలో 90 మిల్లీలీటర్ల సీసా పోస్తే అందేది 3,060 మిల్లీగ్రాములు. అంటే కిలోకు ఆరున్నర మాత్రమే. బలమైన జలగలు బ్రతికి బయటపడి, మందుకు లొంగని సంతానాన్ని పెంచుతాయి. ఖర్చు పెట్టాము, మందు పనిచేయలేదు అని రైతు అనుకొంటాడు. అదే సీసాను చిన్న పెయ్యకు పోస్తే మోతాదు మించుతుంది. మేత మానడం, పారుడు, వేగంగా ఊపిరి తీయడం కనబడవచ్చును. కార్జం బాగా చెడిన, ఒంట్లో నీరు తగ్గిన పశువులలో ఈ బాధలు ఎక్కువ. అటువంటి వాటికి, నిండు చూలు పశువులకు డాక్టరుగారు చూసిన తరువాతే ఇవ్వాలి.

మందు పోసేటప్పుడు తల మరీ పైకెత్తరాదు, నాలుక లాగరాదు, దగ్గు వస్తే ఆపాలి. మందు ఊపిరితిత్తులలోకి పోతే జలగల కంటె ముందు అదే చంపుతుంది. మిగిలిన మందును, కడిగిన నీళ్లను చెరువులో, కాలువలో పారబోయరాదు. చేపలకు ఇది విషం.

ఎప్పుడు ఇవ్వాలి?

వానలకు ముందు ఒకసారి ఇస్తే పెద్ద జలగలు చచ్చి, తొలకరి నీటిలో గుడ్లు పడవు, నత్తలకు జలగ అంటదు. వానాకాలంలో, ఆ తరువాత చెరువు అంచుల మేతతో పట్టిన జలగలు పెద్దవి కావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది గనుక చలికాలంలో మరొకసారి అవసరమవుతుంది. మేసిన నెలలోపే పోస్తే ఆనాటికి పిల్ల జలగలే ఉంటాయి కాబట్టి మందు వృథా. ఊరి పరిస్థితిని బట్టి తేదీలను పశువైద్యశాలతో నిర్ణయించుకోండి. ముందుగా కొన్ని పశువుల పేడను పరీక్ష చేయించడం మంచిది. గుడ్లు లేని ఊరికి మందు అక్కరలేదు.

పాలలో శేషం

మన కేంద్రాలలో లాక్టోమీటరు నీటిని పట్టుకొంటుంది. గెర్బర్ పరీక్ష వెన్నను కొలుస్తుంది. యంత్రం వెన్న, వెన్నేతర ఘనపదార్థాలను చూపుతుంది. ఇవేవీ మందును పట్టుకోలేవు. రంగు, వాసన, రుచి మారవు. వెన్న తీసినా, నెయ్యి కాచినా, పెరుగు తోడుపెట్టినా మందు పోయినట్లు కాదు. దానిని ఆపగలిగినది ఒక్కటే, పశువు యజమాని మాట.

రక్తంలో అతుక్కొని ఉన్న మందులో కొద్ది భాగం పాలలోకి దిగుతుంది. ఐరోపా దేశాల నియమం ప్రకారం కిలో పాలలో ఇది 10 మైక్రోగ్రాములు మించరాదు. అంటే పది కోట్ల పాళ్లలో ఒక పాలు. అంత సూక్ష్మాన్ని పెద్ద ప్రయోగశాలలు మాత్రమే కొలవగలవు.

మన దేశంలో 1945 నాటి ఔషధ నియమాలకు 2012లో చేసిన సవరణ ప్రకారం, ఆహారం కోసం పెంచే పశువుల మందులపై పాలను, మాంసాన్ని ఎన్నాళ్లు ఆపాలో ముద్రించాలి. ఆ మందుకు ప్రత్యేకంగా గడువు నిర్ధారణ కాకపోతే పాలకు 7 రోజులకు, మాంసానికి 28 రోజులకు తగ్గరాదు. కనుక సీసా మీద గడువు చదవండి. చీటీ చిరిగి కనబడకపోతే పాలకు 7 రోజులు అని లెక్కించండి. ఉదాహరణకు 10వ తేదీ ఉదయం పాలు పితికాక మందు పోస్తే, 17వ తేదీ ఉదయం పాలు కూడా ఆపి, ఆ సాయంత్రం నుంచి తేవచ్చును.

ఒకే కుటుంబం, ఒకే గడువు కాదు

గొర్రెలలో కొలిచినప్పుడు రక్తంలోని మందు సగానికి తగ్గడానికి ఆక్సిక్లోజనైడ్‌కు సుమారు 6.4 రోజులు, క్లోసాంటెల్‌కు 14.5 రోజులు, రాఫోక్సనైడ్‌కు 16.6 రోజులు పట్టింది. అందుచేతనే పాలిచ్చే పశువుల విషయంలో వీనిలో ఆక్సిక్లోజనైడ్‌కు ప్రాధాన్యం. 'ఇదీ జలగల మందే, చవక' అని దుకాణంలో క్లోసాంటెల్ ఇస్తే పాడి పశువుకు పోయరాదు. బ్రిటన్‌లో పాలిచ్చే పశువులకు దానిని అనుమతించరు. మోతాదు మించితే గొర్రెలకు, మేకలకు చూపు పోయే ప్రమాదమూ ఉన్నది. సీసా మీద వ్యాపార నామం కింద చిన్న అక్షరాలలో ఉండే మందు పేరును చదివించుకొని తీసుకోవడం కార్యదర్శి బాధ్యత.

శిబిరం రోజున సంఘం చేయవలసినది

'ఒక గేదె పాలు అయిదారు లీటర్లు కూలరులో కలిస్తే ఏమవుతుంది?' అని కొందరు అడుగుతారు. వందల లీటర్లలో కలిసి పలచబడుతుందన్నది నిజమే. కాని మనం మందు పోసేది ఒక గేదెకు కాదు. శిబిరం పెట్టి ఊరి పశువులన్నిటికీ ఒకే పూట పోస్తాము. మరునాడు కూలరుకు వచ్చే పాలన్నీ మందు పడ్డ పశువులవే. అప్పుడు పలచబరచడానికి వేరే పాలేవి? సంఘం మేలు కోసం చేసిన శిబిరమే సంఘం పాలకు మచ్చ తెస్తుంది.

అట్లని రైతును మాత్రమే నిందించి లాభం లేదు. పూటకు 3 లీటర్లిచ్చే గేదెకు 7 రోజులంటే 42 లీటర్లు. ఒకే గేదె ఉన్న సభ్యురాలికి అది వారం రోజుల ఇంటి ఖర్చు. నిజం చెప్పినందుకు నష్టం, దాచినందుకు లాభం అయ్యే ఏర్పాటులో ఎవరూ నిజం చెప్పరు. కాబట్టి నిజం చెప్పడం నష్టం కాని ఏర్పాటు చేయడం పాలకవర్గం పని. అందుకు మార్గాలివి.

1. వట్టిపోయిన పశువులకు, పెయ్యలకు, ఎద్దులకు ముందు పోయించండి. వట్టిపోయిన కాలంలో, ఈనేనాటికి గడువు బాగా దాటేట్లుగా పోస్తే ఒక్క లీటరు కూడా నష్టం లేదు. ప్రతి సభ్యుని పశువు ఎప్పుడు వట్టిపోతుందో కేంద్రంలో రాసి పెట్టుకుంటే ఇది సులువు.

2. పాలిచ్చే వాటిలో పేడ పరీక్షలో గుడ్లు కనబడినవాటికి మాత్రమే, డాక్టరుగారి సలహాతో, విడతలుగా పోయించండి.

3. మందు పుస్తకం పెట్టండి. తేదీ, సభ్యుని నెంబరు, పశువు చెవి పోగు నెంబరు, మందు పేరు, బరువు, మోతాదు, పాలు ఆపవలసిన చివరి పూట అనే గడులు చాలు. పాలు పోయించుకొనే టెస్టరు ముందు ఈ పుస్తకం ఉండాలి.

4. పాలు ఆపిన సభ్యులకు ఉపవిధులు అనుమతించే మేరకు పశు ఆరోగ్యపు కేటాయింపు నుంచి కొంత సాయం చేయడానికి తీర్మానం చేసుకోండి. కనీసం ఆ రోజులకు పాలు పోయలేదన్న కారణంతో బోనసు అర్హత పోకుండా చూడండి.

5. మందుతోనే సరిపెట్టరాదు. చెరువు అంచు మేత తగ్గించి, తొట్టిలో నీళ్లు పెట్టించండి. నత్తలను తినే బాతులను పెంచడం మేలు. పచ్చి గడ్డికంటె బాగా ఎండి వామిలో నిలవ ఉన్న గడ్డితో ప్రమాదం తక్కువ.

పాఠంపై ప్రశ్నలు

(పాలకవర్గ సమావేశంలో చదివి, సభ్యులచేత జవాబులు చెప్పించవలెను.)

1. సీసాను కుదపకుండా మందు పోస్తే ఏమవుతుంది? ఎందువల్ల?
2. చుట్టుకొలత 66, పొడవు 50 అంగుళాలు ఉన్న ఆవుకు నూటికి 3.4 పాళ్ల మందు ఎంత కావాలి?
3. గొంతువాపు వ్యాధి వాపును, జలగ వ్యాధి వాపును ఎట్లా గుర్తిస్తారు?
4. వానలు మొదలైన నెలకే ఈ మందు పోస్తే కొత్తగా పట్టిన జలగలు చావవు. కారణమేమి?
5. మన సంఘంలో ఈ నెల వట్టిపోయిన పశువులు ఎన్ని? వాటి జాబితా ఉన్నదా?

రెండవ ప్రశ్నకు జవాబు: బరువు సుమారు 330 కిలోలు, మందు సుమారు 97 మిల్లీలీటర్లు. అయిదవ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. అది మీ కేంద్రంలోనే తయారు కావాలి. తదుపరి శిబిరానికి తేదీ నిర్ణయించే ముందు ఆ జాబితా సిద్ధం చేయండి.